ఏదీ గుర్తుపెట్టుకోని పెట్టె

1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ సన్ రే 1 అనే పెట్టెని మార్కెట్లోకి తెచ్చింది. అందులో హార్డ్ డిస్కు లేదు, ఫ్యాను లేదు, మనం ఇన్‌స్టాల్ చేసుకునేది ఏమీ లేదు. కీబోర్డు మీద మనం నొక్కినవాటిని సర్వర్‌కి చేరవేయడం, అక్కణ్ణుంచి వచ్చిన బొమ్మని తెరమీద వేయడం, అంతే దాని పని. స్మార్ట్ కార్డు పెడితే మన డెస్క్‌టాప్ వస్తుంది. కార్డు లాగేసి పై అంతస్తులో ఇంకో పెట్టెలో పెడితే, సగంలో ఆపిన వాక్యం అదే సగంలో కనిపిస్తుంది.

ఈ ఆలోచన సన్‌తో మొదలైంది కాదు. కేంబ్రిడ్జ్‌లోని ఒలివెట్టి పరిశోధనశాలలో 90ల మొదట్లోనే యాక్టివ్ బ్యాడ్జ్ అనే బిళ్ళ తగిలించుకుని తిరిగేవారు. మనిషి ఏ గదిలో ఉన్నాడో అది ఇన్‌ఫ్రారెడ్ సంకేతాలతో చెప్పేది. దాని ఆసరాతో, ఎక్కడుంటే అక్కడి తెరమీదకి మన డెస్క్‌టాప్‌ని రప్పించే పద్ధతి కట్టారు. పేరు టెలిపోర్టింగ్. ఇప్పటికీ చాలామంది వాడే వీఎన్‌సీ కూడా ఆ ల్యాబ్‌లో పుట్టిందే.

అప్పటికే ఎక్స్ టెర్మినళ్ళు ఉన్నాయి కదా అంటారేమో. వాటిలోనూ ప్రోగ్రాములు వేరే యంత్రం మీదే నడిచేవి. కానీ విండోలు, ఫాంట్ల వివరాలు టెర్మినల్ దగ్గర ఉండిపోయేవి. దాన్ని ఆపేస్తే ప్రోగ్రాములూ పోయేవి. స్టాన్‌ఫర్డ్, సన్ పరిశోధకులు కలిసి చేసిన స్లిమ్ అనే పని దీన్ని తిరగేసింది: టెర్మినల్ దగ్గర ఏదీ ఉండకూడదు, ఉన్నది పోయినా నష్టం ఉండకూడదు. సన్ రేకి పునాది ఇదే.

నా పేచీ ఇక్కడే. పెట్టె మర్చిపోయిందంటే, ఇంకెవరో గుర్తుపెట్టుకున్నట్టే లెక్క. ఆ ఒక్క సర్వర్ కూలితే అన్ని బల్లల మీదా ఒకేసారి పని ఆగిపోతుంది. అయినా ఆ రోజుల్లో సర్వర్ చాలావరకు మన సంస్థదే. దాన్ని చూసుకునే మనిషి దగ్గరికి వెళ్ళి పోట్లాడొచ్చు.

2010లో సన్‌ని ఒరాకిల్ కొనేసింది. నాలుగేళ్ళకి సన్ రే అమ్మకాలు ఆగిపోయాయి. ఆలోచన మాత్రం గెలిచింది. బస్సులో ఫోన్లో మొదలెట్టిన ఉత్తరాన్ని ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పూర్తిచేస్తాం, వింతగా కూడా అనిపించదు. కాకపోతే దాన్ని గుర్తుపెట్టుకున్న సర్వర్ ఏ దేశంలో ఉందో మనకి తెలీదు.

కేంబ్రిడ్జ్ బ్యాడ్జ్‌ని సొరుగులో పడేస్తే మనిషి జాడ తెలిసేది కాదు. సన్ రే కార్డు తీస్తే పని సర్వర్‌లో ఉండిపోయేది, కానీ ఎక్కడ ఉండిపోయిందో తెలిసేది. నా ఫోన్లో అలా చేత్తో లాగేసే కార్డు లేదు. లాగౌట్ నొక్కుతాను. అవతలివాడు ఎంత మర్చిపోయాడో, ప్రోగ్రామర్నై ఉండి కూడా చెప్పలేను.