లక్డారం నేల కథ

మన ఊరి చరిత్ర రాయమంటే కోటలు, రాజుల గురించి అడుగుతారు. నేను ఇంజనీరును, నాకు ముందు నేల కావాలి.

మన కాళ్ల కింది గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అది చివికితే ఎర్ర చెల్క. ఈ ప్రాంతంలో దాని పక్కనే నల్లరేగడి కూడా దొరుకుతుంది. 1972లో ఇక్రిశాట్ పటాన్‌చెరుకు రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే: సుమారు 1,400 హెక్టార్ల ఒకే క్షేత్రంలో రెండు నేలలూ ఉండటం. శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వచ్చిన ఆ మట్టినే మనం కాళ్లకు అంటించుకుని బడికి పోయాం.

ఆ దశకంలోనే ఫ్యాక్టరీలూ వచ్చాయి. బొంబాయి రోడ్డు ఉంది, హైదరాబాదు దగ్గర. మనలో చాలామంది చదువులు ఆ జీతాల మీదే సాగాయి, ఆ మాట దాచకూడదు. నీళ్ల సంగతి వేరు. వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీర దాకా పోయాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని వెల్లడించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో కూడా అంత ఉండదు.

లక్డారం వంతుకు వచ్చింది రాయి. గుట్టలు క్వారీలయ్యాయి, కంకరై లారీలెక్కాయి. ఘనమీటరు కాంక్రీటులో టన్నుకు పైగా కంకరే ఉంటుంది. నగరంలో ఏ స్లాబు కింద నిలబడ్డా నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

సర్వే పటాల్లో గుట్టల ఎత్తు గీతలుంటాయి గానీ ప్రతి గుట్ట పేరూ ఉండదు. ఆ పేర్లు తెలిసిన పెద్దలు, పాత విద్యార్థులు ఉత్సవాల రోజున పటం మీద పెన్సిలుతో రాసి పోవాలని నా మనవి. నాకు తెలిసినవి నేనూ రాస్తాను.