రెండో మెట్టు మీద మన జట్టు: శ్రీనిధి డెక్కన్ 2022-23

వేలూరు, గుడియాత్తం వైపు స్థిరపడిన మన ఇళ్ళలో పిల్లలు ఫుట్‌బాల్ మాట్లాడుకుంటే చెన్నైయిన్, కేరళ బ్లాస్టర్స్, బెంగళూరు అనే పేర్లే వినిపిస్తాయి. "మరి తెలుగువాళ్ళ టీమ్ ఏది?" అని అడిగితే పెద్దవాళ్ళు హైదరాబాద్ పోలీస్ టీమ్ గురించి చెప్తారు. అది డెబ్భై ఏళ్ళ కిందటి వైభవం. ఈమధ్య కాలంలోనూ చెప్పుకోదగ్గ కథ ఒకటుంది. రెండో డివిజన్‌లో ఆడిన ఒక తెలుగు క్లబ్బు, ఒకే ఏడాదిలో లీగులోనూ కప్పులోనూ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయిన కథ.

ముందు ఈ డివిజన్ల సంగతి కాస్త చెప్పుకోవాలి. 2007లో మొదలైన ఐ-లీగ్ ఒకప్పుడు దేశంలో అన్నిటికంటే పెద్ద లీగు. 2019లో ఆ పెద్దరికం ఇండియన్ సూపర్ లీగ్‌కి పోయింది, ఐ-లీగ్ రెండో మెట్టుకి దిగింది. పై మెట్టు ఎక్కడానికి దారి 2022-23లో తెరిచారు. ఆ ఏడాది నుంచి ఐ-లీగ్ గెలిచిన క్లబ్బుకి, ప్రవేశ రుసుము లేకుండా, పైన చోటు. అది కూడా గెలిచిన ఒక్క క్లబ్బుకే. రెండో స్థానం వస్తే చప్పట్లతో సరి.

శ్రీనిధి క్లబ్బుకి జాతీయ లీగులో చోటు 2020 ఆగస్టులో ఖాయమైంది. అప్పుడు కాగితాల మీద దాని ఊరు విశాఖపట్నం. తీరా 2021-22లో ఆట మొదలయ్యేసరికి కరోనా. లీగు మొత్తాన్ని బెంగాల్‌లోనే ఆడించారు. అంటే విశాఖ పేరు మీద చోటు సంపాదించి, సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మొదటి సీజన్ గడిచిపోయింది. అయినా మూడో స్థానంలో నిలిచారు. 2022 మే 10న గోకులం కేరళని 3-1తో ఓడించారు. అప్పటికి గోకులం వరసగా 21 మ్యాచ్‌లు ఓటమి ఎరగని జట్టు, ఆ రోజు ఒక్క పాయింటు వచ్చినా కప్పు వాళ్ళదే. మిజోరాం కుర్రాడు లాల్‌రోమావియా మూడు గోల్స్ కొట్టి ఆ పండగని నాలుగు రోజులు వాయిదా వేయించాడు.

ఇల్లు లేకుండా మొదలుపెట్టిన జట్టు అనుకుంటే మనకి కొత్తగా అనిపించదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణం చిత్తూరే. ఆ తర్వాతే అది వేలూరుకి మారింది. మనవాళ్ళు ఉన్నచోటే ఉన్నా కాగితాల మీద జిల్లాలూ రాష్ట్రాలూ మారాయి. ఒక ఊరి పేరు మోస్తూ మరో ఊళ్ళో ఆడటం ఫుట్‌బాల్‌లోనూ ఉంది. మన తమిళనాట చెన్నై సిటీ క్లబ్బు 2018-19 ఐ-లీగ్ గెలిచింది, కానీ సొంత మైదానంగా ఆడింది కోయంబత్తూరులో. 2020-21 తర్వాత అది ఐ-లీగ్‌లో మళ్ళీ కనిపించలేదు.

ఇక 2022-23. సొంతూళ్ళలో, పరాయి ఊళ్ళలో ఆడే పాత పద్ధతి తిరిగి వచ్చింది. శ్రీనిధి హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాని ఇల్లు చేసుకుంది. పోర్చుగల్ నుంచి వచ్చిన కార్లోస్ వాజ్ పింటో కోచ్. ముందు వరసలో కొలంబియావాడు డేవిడ్ కాస్టనేడా. పన్నెండు క్లబ్బులు, ఒక్కో క్లబ్బుకి 22 మ్యాచ్‌లు. కశ్మీర్ నుంచి మణిపూర్, మిజోరాం దాకా తిరగాలి. ఒకచోట గడ్డకట్టే చలి, ఇంకోచోట ఉక్కపోత. ఇలాంటి లీగులో ఒక్క మంచి రోజు సరిపోదు, నవంబరు నుంచి మార్చి దాకా నిలబడాలి. శ్రీనిధి నిలబడింది. రౌండ్‌గ్లాస్ పంజాబ్ మాత్రం ఇంకా గట్టిగా నిలబడి 52 పాయింట్లతో లీగు గెలిచింది. ఆటలో గెలిచి ఐ-లీగ్ నుంచి పై లీగుకి ఎక్కిన మొదటి క్లబ్బు పంజాబే అయింది. శ్రీనిధిది రెండో స్థానం.

లీగు అయిపోయాక ఏప్రిల్‌లో కేరళలో సూపర్ కప్. పెద్ద లీగు క్లబ్బులూ రెండో మెట్టు క్లబ్బులూ ఒకే మైదానంలో తలపడే పోటీ అన్నమాట. శ్రీనిధికి పడిన గ్రూపు చూడండి: బెంగళూరు, కేరళ బ్లాస్టర్స్, మళ్ళీ ఆ పంజాబే. మొదట బెంగళూరుతో 1-1 డ్రా. తర్వాత కోళికోడ్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్. పసుపు చొక్కాల అభిమానులు వాళ్ళ సొంత గడ్డ మీద ఎలా ఉంటారో మనకి తెలిసిందే. నైజీరియావాడు రిల్వాన్ హసన్ ఒకటి, కాస్టనేడా ఒకటి, సగం ఆటకి ముందే రెండు గోల్స్ కొట్టేశారు. చివరికి 2-0. పై మెట్టు జట్టుని దాని ఇంట్లోనే ఓడించారు.

ఏప్రిల్ 16 చివరి రోజు. శ్రీనిధికి 4 పాయింట్లు, బెంగళూరుకి 4. గ్రూపులో మొదటి జట్టే సెమీస్‌కి వెళ్తుంది. శ్రీనిధి ఆడాల్సింది అప్పటికే రెండు మ్యాచ్‌లు ఓడి ఇంటిదారి పట్టిన పంజాబ్‌తో. అదే సమయంలో అవతల బెంగళూరు, కేరళ 1-1తో డ్రా చేసుకున్నాయి. అంటే పంజాబ్ మీద గెలిస్తే చాలు, సెమీస్ మనదే. గెలవలేదు, ఓడిపోయారు. ఆ గ్రూపు నుంచి 5 పాయింట్లతో ముందుకెళ్ళిన బెంగళూరు ఫైనల్ దాకా చేరి, ఒడిశా చేతిలో 2-1తో ఓడింది. లీగులో అడ్డుపడ్డ జట్టే కప్పులోనూ అడ్డుపడటం ఆ ఏడాది శ్రీనిధి రాత.

ఇదే సీజన్ నడుస్తుండగా, 2023 ఫిబ్రవరి 16న, తులసీదాస్ బలరాం కలకత్తాలో కన్నుమూశారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక తమిళ కుటుంబంలో పుట్టిన మనిషి. మనం తెలుగు మాట పట్టుకుని తమిళ నేల మీద స్థిరపడితే, వాళ్ళు తమిళ మాట పట్టుకుని తెలుగు నేలకి వెళ్ళారు. ఆయన 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. ఈస్ట్ బెంగాల్‌కి కెప్టెన్‌గా కూడా చేశారు. ఆ రెండు భారత జట్లకీ గురువు హైదరాబాదు రహీం సాబ్. బడి పంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. కుర్రాళ్ళకి బలంలేని కాలితోనూ కొట్టడం నేర్పడానికి ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారాయన. అందుకే జాతీయ జట్టుకి కావలసినవాళ్ళు ఆ ఊరి గల్లీల నుంచే దొరికేవారు.

తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఆనాటి జట్టుకి ఊరే బలం. శ్రీనిధి గోల్స్ కొట్టినవాళ్ళలో ఎక్కువమంది కొలంబియా, నైజీరియా, మిజోరాం నుంచి వచ్చినవాళ్ళు. దీన్ని తప్పు పట్టే హక్కు మనకి లేదు. వేరే చోటు నుంచి వచ్చి, చెమటోడ్చి, ఆ ఊరివాళ్ళమైపోయిన కుటుంబాలం మనవి. కాస్టనేడా కొట్టిన గోల్ తెలుగు గోలే. కానీ ఆ గోల్ చూసి ఇంకో కుర్రాడు బూట్లు కట్టుకోవాలంటే, ఆ క్లబ్బు అదే ఊళ్ళో ఇరవై ఏళ్ళు ఉండాలి. 2022లో పెద్ద లీగు కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ నాలుగేళ్ళు తిరక్కుండా ఢిల్లీకి వెళ్ళి పేరు మార్చుకుంది. కప్పు గెలిచినా క్లబ్బు ఊళ్ళో నిలుస్తుందన్న భరోసా లేదు.

శ్రీనిధి మరుసటి ఏడాది 2023-24లోనూ రెండో స్థానంలోనే ఆగింది. ఈసారి పైకి ఎక్కింది కలకత్తా మొహమ్మదన్. వరసగా రెండేళ్ళు గుమ్మం దగ్గరే. పట్టికలో రెండో పేరు చదివేవాళ్ళు తక్కువ, కాబట్టి మన పిల్లలకి మనమే చెప్పాలి. తెలుగు టీమ్ ఏదని అడిగితే పోలీస్ టీమ్ పేరుతో పాటు ఈ పేరు కూడా చెప్పండి, కోళికోడ్‌లో ఆ 2-0 సంగతితో సహా.