శ్రీగిరి మెట్లదారి

రాయలసీమలో నిప్పులు కక్కే కొండ లేదు. పులివెందుల, వేంపల్లె ప్రాంతాల సున్నపురాతి పొరల మధ్యకు కోట్ల ఏళ్ల కిందట చొచ్చుకొచ్చి గడ్డకట్టిన శిలాద్రవం ఇక్కడి భూగర్భాగ్నికి సాక్ష్యంగా మిగిలింది. అయితే జపాన్‌లో ఫ్యూజీ అగ్నిపర్వతారోహణ విహారంగా మారకముందు భక్తుల వ్రతంగా సాగినట్లే, పూర్వపు కర్నూలు జిల్లాలోని నల్లమలలో శ్రీశైల ఆరోహణ కూడా శతాబ్దాలపాటు కాలినడకన సాగిన యాత్రే.

14వ శతాబ్దంలో కొండవీటి రాజ్యస్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించడంతో ఈ దారికి స్థిరరూపం వచ్చింది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చే యాత్రికులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు మజిలీలు, అంటే రాత్రి బస చేసే చోట్లు, దాటి, భీముని కొలను లోయలోకి రాతిమెట్ల మీదుగా దిగి, అక్కడి నీటితో సేదతీరి, మళ్లీ నిట్టనిలువు మెట్లెక్కి, శిఖరపు అంచున నిలిచిన కైలాసద్వారాన్ని చేరుతారు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప, అహోబిలాల మీదుగా శ్రీశైలం చేరిన వైనాన్ని, కందనోలు, అంటే నేటి కర్నూలు, నవాబు యాత్రికుల నుంచి పన్ను వసూలు చేసిన సంగతితో సహా, 1838లో అచ్చయిన తన ‘కాశీయాత్ర చరిత్ర’లో నమోదు చేశారు. ఘాట్ రోడ్డు, బస్సులు వచ్చాక ఈ దారిలో రద్దీ తగ్గినా, శివరాత్రికి శివదీక్షాపరులూ, శ్రీశైలం అమ్మవారైన భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు ఉగాదికీ, నేటికీ ఆ మెట్లమీదుగానే కొండెక్కుతున్నారు.