క్రైస్తవ విశ్వాసము, క్రీడాధర్మము: ధర్మసాగర్ ప్రాంతము

క్రీడాధర్మమనగా ఆటకు ఏర్పడిన నియమములను పాటించుట మాత్రమే కాదు. ఎవరును చూడని చోట సైతము ఆ నియమములకు కట్టుబడియుండు మనోనిష్ఠ. క్రైస్తవ విశ్వాసము ఈ నిష్ఠను ఏ విధముగ పోషించినది, ఏ సందర్భములందు ఆటతో ఘర్షణ పడినది, ఆ ఘర్షణనుండి సామాన్య కుటుంబములలో ఎట్టి ధర్మసందేహములు పొడమినవి అను విషయములను, హనుమకొండ జిల్లాలోని ధర్మసాగర్ మండలమును, దాని పరిసరములను ఆధారముగ గొని ఈ వ్యాసము వివరించును.

ప్రదేశము, సంఘములు

ధర్మసాగర్ పూర్వపు వరంగల్ జిల్లాలో కాజీపేటకు సమీపముననున్న మండల కేంద్రము. ఇచ్చటి జలాశయము దేవాదుల ఎత్తిపోతల పథకములో భాగమై, వరంగల్, హనుమకొండ, కాజీపేట పట్టణముల దాహమును తీర్చుచున్నది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ మండలము వరంగల్ అర్బన్ జిల్లాలో చేరెను. ఆ జిల్లాకే 2021లో హనుమకొండ జిల్లా అను పేరు వచ్చెను.

ఈ ప్రాంతమునకు క్రైస్తవము ఒకే త్రోవను వచ్చినది కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1879లో హనుమకొండను తమ కేంద్రములలో నొకటిగ చేసికొనిరి. ఆంగ్లికన్ సంఘమునకు దోర్నకల్లు పీఠమయ్యెను. కథోలికులకు 1952 డిసెంబరు 22న వరంగల్ మేత్రాసనము ఏర్పడగా, ఇటలీనుండి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా దానికి మొదటి పీఠాధిపతి యయ్యెను. కాజీపేట ఫాతిమానగర్‌లోని కథీడ్రలును, ఆ చెంతనే గాబ్రియేలు సోదరుల పాఠశాలయు ఆ సంఘపు సేవకు గురుతులు. ధర్మసాగర్ మండలములోని కరుణాపురమున 2023లో ఆరంభమైన విశాలమైన క్రీస్తుజ్యోతి ప్రార్థనా మందిరము ఇటీవలి స్వతంత్ర సంఘముల విస్తృతికి నిదర్శనము. ఇన్ని సంఘములు ఇరుగుపొరుగున నుండుటచేతనే, ఆదివారమునాడు ఆడవచ్చునా యను ప్రశ్నకు ఒకే వీధిలో మూడు విధములైన సమాధానములు వినవచ్చుచుండును.

గ్రంథమూలము

క్రొత్త నిబంధనలో క్రీడను ఉపమానముగ విరివిగ వాడినవాడు అపొస్తలుడైన పౌలు. ఆయన సంఘమును స్థాపించిన కొరింథు పట్టణమునకు సమీపమున రెండేండ్లకొకమారు ఇస్త్‌మియన్ క్రీడలు జరుగుచుండెడివి. ఆ జనులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయమున ఆయన విశ్వాసిని పందెమున పరుగెత్తువానితోడను, దేహమును లోబరచుకొను మల్లునితోడను పోల్చి, వాడిపోవు ఆకుల కిరీటము కొరకు వారు అంత నియమమున నుండగా, వాడని కిరీటమును కోరువాడు ఎంత నియమమున నుండవలెనో ఆలోచించుకొమ్మని హెచ్చరించెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, నియమప్రకారము పోరాడనివానికి కిరీటము దక్కదను భావము స్పష్టముగ నున్నది.

అదే తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక దేహసాధన ప్రయోజనము కొంచెమే యనియు, భక్తి ప్రయోజనము సర్వత్ర యనియు చెప్పును. ఈ వాక్యమును ఆధారముగ చేసికొని ఆటలను కాలవ్యర్థమని నిరసించిన పెద్దలు గలరు; కొంచెమైనను ప్రయోజనమున్నదని అపొస్తలుడే యొప్పుకొనెనుగదా యని దానినే తమకు అండగ చేసికొన్న యువకులును గలరు. ఈ వివాదము క్రొత్తది కాదు. రెండవ శతాబ్దము చివర కార్తేజి నగరవాసియైన టెర్టూలియన్ రోమను ప్రదర్శనలను ఖండించుచు ప్రత్యేక గ్రంథమునే రచించెను. అయితే ఆయన కంటికి కనబడినవి రక్తపాతమును, దేవతారాధనయు, ప్రేక్షకుల ఉన్మాదమును గాని, పిల్లల పరుగుపందెములు కావని గుర్తింపవలెను.

యువజన క్రైస్తవ సమాజము

విశ్వాసమునకును వ్యాయామమునకును ఆధునిక కాలమున సంధి కుదిర్చిన సంస్థ, 1844లో లండనులో జార్జి విలియమ్స్ స్థాపించిన వై.ఎం.సి.ఎ. ఆత్మ, మనస్సు, దేహము అను మూడు భుజములుగల త్రికోణము దాని చిహ్నము. అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డు నగరమునందలి ఆ సంస్థ శిక్షణాలయమున, వేదాంతవిద్య నభ్యసించిన జేమ్స్ నైస్మిత్ 1891 డిసెంబరులో పదుమూడు నియమములతో బాస్కెట్‌బాల్‌ను రూపొందించెను. ఆ ఆట శ్రమకోర్వలేని నడివయస్కుల కొరకు హోలియోక్ పట్టణపు శాఖలో విలియం మోర్గాన్ 1895లో వాలీబాల్‌ను కల్పించెను. నేడు తెలుగు పల్లెలలో బడి ఆవరణయందును, చెరువుకట్ట క్రిందను, రెండు గుంజలకు వల గట్టి ఆడుకొను ఈ ఆట, ఒక క్రైస్తవ సంస్థ వ్యాయామశాలలో పుట్టినదని ఆడువారిలో పెక్కురెరుగరు.

ఇదే సంస్థకు ఈ సీమతో మరియొక విధమైన బంధుత్వము గలదు. తిరునెల్వేలి ప్రాంతీయుడైన వి. ఎస్. అజరయ్య 1895 మొదలు 1909 వరకు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగ పనిచేసి, పిదప దోర్నకల్లుకు మిషనరీగ వచ్చి, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పుగ అభిషిక్తుడయ్యెను. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల దక్షిణదేశపు పాఠశాలలకు డ్రిల్లు మాస్టర్లను తయారుచేసెను; 1924 పారిస్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టునకు బక్ నిర్వాహకుడు.

ఆదివార విశ్రాంతి

ఆ పారిస్ క్రీడలయందే ఎరిక్ లిడ్డెల్ అను స్కాట్లండు యువకుడు, నూరు మీటర్ల పందెపు తొలివిడత ఆదివారమునాడు పడుటచే దానిని విడిచిపెట్టి, జులై 11న నాలుగువందల మీటర్ల పందెమును 47.6 సెకండ్లలో గెలిచెను. మరుసటి యేట ఆయన మిషనరీగ చైనాకు వెళ్లి, యుద్ధకాలమున జపానువారి నిర్బంధ శిబిరములో 1945 ఫిబ్రవరి 21న మరణించెను. ఆయన నిర్ణయమునకు విలువ గెలుపువలన వచ్చినది కాదు. ఆ నిర్ణయము చేసినప్పుడు గెలుపు ఆయన కంటికి కనబడుచుండలేదు.

ధర్మసాగర్ వంటి గ్రామమున ఈ ప్రశ్న ఇంత ఉదాత్తముగ నెదురుపడదు. వాలీబాల్ టోర్నమెంటు ఫైనలు ఆదివారము ఉదయము పెట్టుదురు. జట్టున ఆరుగురే యుందురు. వారిలో నొకడు ఆరాధనకు పోవలసినవాడు. వాడు రానిచో మిగిలిన అయిదుగురి కొన్నినెలల శ్రమ వ్యర్థమగును. వచ్చినచో ఇంట తల్లి మనస్సు నొచ్చును. కథోలిక సంఘము శనివారము సాయంకాలపు పూజను ఆదివార బాధ్యతక్రింద అంగీకరించుటచే వారికి కొంత వెసులుబాటు గలదు. బాప్టిస్టు, స్వతంత్ర సంఘములలో పట్టుదల హెచ్చు. విశ్రాంతిదినము మనుష్యుని కొరకే యేర్పడినదను క్రీస్తు బోధను, ఆచారభేదముల విషయమున ఒకరినొకరు తీర్పు తీర్చవలదను పౌలు ఉపదేశమును కలిపి చదివినవారు, ఆటను కొన్ని గంటలు వెనుకకు జరుపుమని నిర్వాహకులను ముందుగనే యడుగుట మేలని చెప్పుదురు. మర్యాదతో నడిగిన కోరికను పొరుగు మతస్థులు మన్నించుట పల్లెలలో అరుదు కాదు.

నిత్యజీవితమున ధర్మసందేహములు

మొదటిది వయస్సు. బాలుర పోటీలలో చేర్చుటకై పుట్టినతేదీని మార్చి వయస్సును రెండేండ్లు తగ్గించిన పత్రము, పిల్లవాని మేలు కొరకేయని తలిదండ్రులు సమర్థించుకొందురు. కాని ఆ పత్రమువలన చోటు కోల్పోయిన మరియొక పిల్లవాడు ఎచ్చటనో ఉన్నాడు, వానికిని తలిదండ్రులున్నారు.

రెండవది పందెము. తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూద నిషేధ చట్టమును 2017లో సవరించి, ధనము పణముగ ఒడ్డు ఆన్‌లైన్ ఆటలను సైతము నిషేధించినది. అయినను క్రికెట్ ఋతువున చేతిఫోనుపై అప్పుచేసి పందెము కాయుట ఆగలేదు. పొరుగువాని నష్టమే తన లాభమగు సంపాదన, పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞకు విరుద్ధమని పెక్కు సంఘములు బోధించును.

మూడవది ప్రార్థన. ఇరుజట్లలోను విశ్వాసులున్నప్పుడు దేవుడు ఎవరి మొర వినును? గాయము కాకుండుటకును, కోపము నిగ్రహించుకొనుటకును, ఓడినను ద్వేషము పుట్టకుండుటకును ప్రార్థించువాడు ఎదిరి జట్టువాని ప్రార్థనతో తగవు పెట్టుకొనడు.

నాలుగవది మానవ గౌరవము. తెలంగాణ సంఘములలో అధికభాగము అస్పృశ్యతను అనుభవించిన కులములనుండి యేర్పడినది. మైదానమున భుజము కలిపి ఆడినవారు ఆట ముగిసిన పిదప ఒకే కుండనీరు త్రాగుదురా యనునదే అచ్చట సమత్వమునకు పరీక్ష. అట్టిదే దేహమును, బుద్ధిని గూర్చిన అవహేళన. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవాంజి దీప్తి, మేధాపరమైన లోపము కారణముగ బాల్యమున ఎగతాళికి గురియై, 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో అట్టి లోపముగలవారికైన టి20 విభాగపు నాలుగువందల మీటర్ల పందెమును 55.82 సెకండ్లలో ముగించి కాంస్యపతకము సాధించినది. లిడ్డెల్ పరుగునకు సరిగ నూరేండ్ల పిదప, అదే నగరమున, అదే దూరము. ప్రతి మనుష్యుడును దైవస్వరూపమున సృజింపబడెనని నమ్ము సంఘము, తన వీధిలోని అట్టి బిడ్డను చూచి నవ్విన వారిలో తాను లేనా యని ప్రశ్నించుకొనవలసియున్నది.

చేయి యెత్తుట

ఈ సందేహములన్నిటికిని మూలము వాలీబాల్ కోర్టులో నొక క్షణమున కనబడును. సున్నపు గీతల నడుమ, పొద్దుగూకు వేళ, ఎదిరి కొట్టిన బంతిని ఆపుటకు యువకుడు వలవద్ద పైకి ఎగురును. బంతి వాని చిటికెనవ్రేలి కొసను తాకీ తాకనట్లు రాసికొని గీత దాటి బయట పడును. రెఫరీకి అది కనబడదు. ఈల వాని జట్టునకు అనుకూలముగ మ్రోగును. తాకినట్లు తెలిసినవాడు వాడొక్కడే. అప్పుడు చేయి యెత్తి ఒప్పుకొనుట చిరకాలముగ మంచి ఆటగాని లక్షణము. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య సైతము 2023లో నేషన్స్ లీగ్ పోటీలయందు అట్లు ఒప్పుకొన్నవారిని గౌరవించుటకు పచ్చకార్డును ప్రవేశపెట్టినది.

పల్లెలో పచ్చకార్డు లేదు, బహుమానము లేదు, పైపెచ్చు సొంతజట్టువారి కసురు దక్కును. ఉదయము మందిరమున స్తుతికై యెత్తిన చేయి సాయంకాలము ఆ కసురునకు వెరవక మరల లేచినచో, ఆ రెండుమారులును అది ఒకే ఆరాధన చేసినట్లు.