పురిటి ధైర్యము



గడచిన మాఘమాసమున విజయవాడలో మా పెద్దకుమారుని యింట కొన్ని దినములుంటిని. మా మనుమరాలు తొలి కాన్పునకు పుట్టింటికి వచ్చి యుండెను. ఒక సాయంకాలమున ఆమె కన్నులు మూసికొని, చెవులలో తీగలు పెట్టుకొని, మెల్లమెల్లగా ఊపిరి తీయుచు విడుచుచు పరుండి యుండగా చూచితిని. ఏ స్తోత్రమో వినుచున్నదని తలచి, ఏమి వినుచున్నావమ్మా యని యడిగితిని.

"స్తోత్రం కాదు తాతయ్యా, నొప్పులకు భయపడకుండా నేర్పే పాఠం. హిప్నోబర్తింగ్ అంటారు. డబ్బు కడితే ఫోనులోనే నేర్పుతారు" అని చెప్పినది.

ప్రక్కనున్న నా భార్య నవ్వి, "మా రోజుల్లో ఆ పాఠం మంత్రసాని చెప్పేది. రుసుం చాటెడు బియ్యం, ఒక చీర" అనెను.

ఈ రెండు మాటలును నా మనస్సున చాలకాలము మెదలినవి. ఫోనులో పాఠము విని స్త్రీ ప్రసవమునకు సిద్ధపడవచ్చునా? ప్రశ్న క్రొత్తదిగా దోచును గాని, దాని వేళ్లు పాతవి. పురిటిగదిలో స్త్రీకి ధైర్యము చెప్పువారెవ్వరు, ప్రాణము కాపాడువారెవ్వరు అను విచారమే ఇది. మన కృష్ణా డెల్టా చరిత్రలో ఈ రెండు పనులు ఒకప్పుడు ఒక్క చేతనే యుండి, తరువాత విడిపోయినవి. అది యెట్లు జరిగెనో మనవి చేసెదను.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిమ్మట మన సీమ ధాన్యాగారమైనది. పంట పెరిగినను పురిటిగది మాత్రము చాలకాలము మారలేదు. తొలి కాన్పు పుట్టింట జరుగుట మన యాచారము. కన్నతల్లి చెంత నుండవలెనన్నదే అందలి మర్మము. నొప్పులు మొదలైనంతనే మంత్రసానికి కబురు వెళ్లెడిది. ఆమె గర్భిణిని ఇంటిలో నటునిటు నడిపించును, నడుము నొక్కును, వేడినీళ్లు పోయించును, తాను చూచిన కాన్పుల కథలు చెప్పుచు రాత్రి గడపును. ఆమె మాటలలో విద్య తక్కువయై యుండవచ్చును గాని, చెంతనుండి విడువకుండుట యను గుణము పరిపూర్ణముగా నుండెను.

అయినను సత్యము దాచరాదు. బొడ్డు కోసిన కత్తి కాగిన నీటిని ఎరుగనిది. దాని వలన పసికందులకు ధనుర్వాతము, కడుగని చేతుల వలన బాలింతలకు సూతికాజ్వరము వచ్చెడివి. బిడ్డ అడ్డము తిరిగినను, రక్తము ఆగకున్నను ఆమె చేయగలిగినది లేదు.

నా మేనత్త ఆ విధముగనే పోయినది. అది 1957వ సంవత్సరము, నాకు తొమ్మిదేండ్లు. ఆమె మెట్టినిల్లు లంక గ్రామము. రెండవ కాన్పు, శ్రావణమాసము, కృష్ణ నిండుగా పారుచుండెను. బిడ్డ క్షేమముగా పుట్టినది గాని రక్తము ఆగలేదు. పడవ దాటించుటకు ఆ రాత్రి ఎవ్వరును సాహసింపలేకపోయిరి. తెల్లవారు వరకు మంత్రసాని ఆమె చేయి పట్టుకొని కూర్చుండెనని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. ఆ చేయి ధైర్యమిచ్చెను గాని ప్రాణము నిలుపలేకపోయెను.

ప్రాణము నిలుపు విద్య మన ప్రాంతమునకు మెల్లగా వచ్చినది. మద్రాసులో 1844లోనే ప్రసూతి వైద్యశాల వెలసినను, మన స్త్రీలకు అది దూరదేశము. 1883లో అమెరికా నుండి డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గుంటూరు చేరి స్త్రీలకు వైద్యము ప్రారంభించిరి. 1898లో అచట స్త్రీల కొరకు ఆసుపత్రి తెరచిరి. 1885లో లేడీ డఫరిన్ పేర స్త్రీ వైద్య నిధి, 1903లో మంత్రసానులకు శిక్షణ నిచ్చుటకై విక్టోరియా రాణి స్మారక నిధి ఏర్పడినవి. మంత్రసానిని తొలగించుట గాక ఆమెకు శుచి నేర్పుట ఈ రెండవ నిధి యుద్దేశము.

మన బెజవాడలో ఈ విషయమున స్మరింపదగినవారు డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారు. విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్న లక్ష్మణరావుగారి కుమార్తె. బెజవాడలో స్త్రీలకు వైద్యము చేయుచు, ప్రసూతిని శిశుపోషణమును గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికైరి. తండ్రి లోకజ్ఞానమును తెలుగు చేయబూనగా, కుమార్తె పురిటిగది జ్ఞానమును తెలుగు చేసిరి. గర్భిణికి ముందుగా తెలియజెప్పవలెననునది ఫోనుతో పుట్టిన మాట కాదని దీనివలన తెలియుచున్నది. నాడు పుస్తకము, 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రము నెలకొన్న తరువాత రేడియో, నేడు ఫోను, సాధనములు మారినవి.

తరువాతి కథ మీరెరిగినదే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, నర్సమ్మలు, ఆశా కార్యకర్తలు, 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండ్లు వచ్చినవి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రులలోనే జరిగినవి. 2004–06లో ఉమ్మడి రాష్ట్రమున లక్ష సజీవ జననములకు 154 మంది తల్లులు మరణింపగా, 2018–20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు దిగినది. ఈ లెక్క చదివినప్పుడెల్ల నాకు మా మేనత్త జ్ఞప్తికి వచ్చును.

అయితే ఈ మేలుతో పాటు ఒక లోటును వచ్చినది. ప్రాణము కాపాడు చేయి దొరికినది. ధైర్యము చెప్పు చేయి తలుపు వెలుపల నిలిచిపోయినది. తల్లి వరండాలో, కూతురు లోపల బల్లమీద, చుట్టును ఎరుగని ముఖములు. భయము పెరిగినది. అదే సర్వే ప్రకారము దేశమున నూటికి 21 మందికి ఆపరేషన్ కాన్పు జరుగగా, మన రాష్ట్రమున నూటికి 42 మందికి జరిగినది. ఇందులకు కారణములు పెక్కు. వైద్యుల తొందర, కుటుంబముల ముహూర్తపు పట్టుదల, మొదటిది ఆపరేషన్ అయిన వారికి రెండవదియు అట్లే యగుట. నొప్పుల భయమును వానిలో నొకటి. అవసరమైన చోట ఆ ఆపరేషన్ వరమే. అవసరము లేని చోట అది వృథాగా తిన్న కత్తిగాటు.

ఈ భయమును తగ్గింతుమని చెప్పుచునే ఫోనులోని పాఠము వచ్చినది. దాని పుట్టుకయు వినదగినది. మనస్సును ఏకాగ్రముచేసి శరీరమును సడలించు విద్యకు 1843లో జేమ్స్ బ్రెయిడ్ అను వైద్యుడు హిప్నాటిజమను పేరును ప్రచారమునకు తెచ్చెను. 1845లో మన దేశముననే, వంగదేశపు హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అను వైద్యుడు రోగులను అట్టి నిద్రలో నుంచి శస్త్రచికిత్సలు చేసెను. 1847లో క్లోరోఫారము రాగా ఆ పద్ధతి మరుగుపడెను. 1933లో గ్రాంట్లీ డిక్ రీడ్ అను ఆంగ్ల వైద్యుడు భయమునకును నొప్పికిని గల సంబంధమును వివరించెను. భయపడిన శరీరము బిగియును. బిగిసిన కొలది నొప్పి హెచ్చును. నొప్పి హెచ్చిన కొలది భయము పెరుగును. ముందుగా తెలియజెప్పి, ఊపిరి నేర్పి, ఈ చక్రమును త్రెంచవలెనని ఆయన వాదము. 1951 తరువాత ఫ్రాన్సులో లమాజ్ అను వైద్యుడు రష్యాలో చూచివచ్చిన ఊపిరి పద్ధతిని నేర్పెను. 1989 ప్రాంతమున అమెరికాలో మేరీ మోంగన్ అను నామె ఈ రెండు దారులను కలిపి హిప్నోబర్తింగ్ అని పేరుపెట్టెను.

ఇది నిజముగా పనిచేయునా? ఒకరి యనుభవము చాలదు గనుక పరిశోధకులు లెక్కలు కట్టిరి. 2016లో తొమ్మిది పరీక్షలను, దాదాపు మూడువేలమంది స్త్రీల వివరములను కలిపి చూచిరి. ఈ విద్య నేర్చినవారు నొప్పి మందులు కొంత తక్కువగా వాడిరి. కాని సహజముగా ప్రసవించినవారి సంఖ్యలో స్పష్టమైన భేదము కానరాలేదు. ఇంగ్లండులో 680 మంది తొలిచూలు స్త్రీలపై జరిగి 2015లో వెలువడిన పరీక్షలో నడుమున నిచ్చు మత్తుమందు వాడుక తగ్గలేదు. ప్రసవానంతరము చూడగా, నేర్చినవారు తాము ముందుగా ఊహించిన దానికన్న తక్కువ భయపడిరని తేలినది. ఈ రెండు చోట్లను పాఠము చెప్పినవారు చాలవరకు ఎదుట కూర్చున్న మనుష్యులని మరువరాదు.

మరియొక లెక్క కలదు. ప్రసవకాలమంతయు విడువక చెంతనుండు తోడు వలన కలుగు ఫలమును 2017లో 26 పరీక్షలలో, పదునైదువేలకు పైబడిన స్త్రీలలో చూచిరి. తోడున్నవారిలో సహజ కాన్పులు హెచ్చినవి, ఆపరేషన్లు తగ్గినవి. మన మంత్రసాని నడుము నొక్కుచు రాత్రంతయు కూర్చుండుట వట్టి యాచారము కాదని లోకము ఈనాటికి గుర్తించినది. 2016లోనే భారత ప్రభుత్వము ప్రభుత్వాసుపత్రుల పురిటిగదిలో ఒక బంధుస్త్రీ తోడుండవచ్చునని అనుమతించినది. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రివారు 2011 నుండి శాస్త్రీయముగా మంత్రసానులకు శిక్షణ నిచ్చుచున్నారు. 2018లో కేంద్రప్రభుత్వమును ఆ మార్గముననే నిబంధనలు వెలువరించినది. విడిపోయిన రెండు చేతులు మరల కలియవలెనని దీని భావము.

కావున నా యభిప్రాయము ఇది. ఫోనులోని పాఠము వలన హాని లేదు, కొంత మేలు కలదు. దీర్ఘముగా ఊపిరి విడుచుట, శరీరమును సడలించుట, ఏమి జరుగునో ముందుగా తెలిసికొనుట మంచివే. రుసుము చెల్లింపలేనివారు ఆ ఊపిరిని నర్సమ్మ వద్దనో, పొరుగున అనుభవముగల తల్లి వద్దనో నేర్చుకొనవచ్చును. కాని నొప్పియే యుండదని, ఆసుపత్రియే వలదని చెప్పు పాఠమును నమ్మరాదు. అభిమన్యుడు గర్భమున నుండి పద్మవ్యూహ ప్రవేశమును విని, సుభద్ర నిద్రించుటచే వెలువడు మార్గమును వినలేదని మన పెద్దలు చెప్పుదురు. ప్రశాంతత మాత్రము నేర్పి ప్రమాదమును చెప్పని పాఠము అట్టిదే. రక్తము పోయినను, మూర్ఛ వచ్చినను, చూపు మసకబారి తలనొప్పి పట్టినను, బిడ్డ కదలిక తగ్గినను ఊపిరి లెక్కించుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను. ఫోను వలన కలుగు మొదటి యుపయోగము అదియే.

మా మనుమరాలి సంగతి చెప్పి ముగింతును. నెలలు నిండకమునుపే నా భార్య ఆసుపత్రికి పోయి, "నొప్పుల వేళ వాళ్ల అమ్మ లోపల ఉండవచ్చునా?" అని వైద్యురాలి నడిగినది. అడిగినందున అనుమతి దొరికినది. ఫాల్గుణమాసమున రాత్రియంతయు నొప్పులు పడి, తెల్లవారుజామున ఆడపిల్లను కనినది. ఆపరేషన్ అవసరము కాలేదు. "పాఠం పనికొచ్చిందా?" అని నేనడుగగా, "అర్ధరాత్రి దాకా ఆ ఊపిరి పనికొచ్చింది తాతయ్యా. ఆ తరవాత ఫోను ఎక్కడుందో కూడా తెలియదు. అమ్మ చెయ్యి వదల్లేదు" అని చెప్పినది.

మీ గ్రామమున ఈ యేడు పురుడు పోసికొనబోవు ఆడపడుచులు ఎందరో యుందురు. వారిని ఆసుపత్రికి పంపుట మనము నేర్చుకొంటిమి. ఇక లోపల వారి చెంత ఎవరుందురని ముందుగా అడుగుట నేర్చుకొందము.