రూబే నుంచి స్ట్రాస్‌బర్గ్ దాకా: ఒక చిన్న హోస్టింగ్ కంపెనీ, ఒక అగ్నిప్రమాదం

పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. బీటెక్ థర్డ్ ఇయర్ అట. "అన్నా, రీసెల్లర్ ప్లాన్ తీసుకుని చిన్న వెబ్ హోస్టింగ్ బిజినెస్ మొదలుపెడదామనుకుంటున్నా. మా ఊళ్లో కోచింగ్ సెంటర్లు, ఫొటో స్టూడియోలు, అందరికీ సైట్లు కావాలి. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు కదా?" అని అడిగాడు.

అక్కర్లేదు తమ్ముడూ, నిజమే. ఎంతవరకు నిజమో చెప్పాలంటే ఒకసారి ఫ్రాన్స్ వెళ్లి రావాలి. ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

ఆక్టేవ్ క్లాబా 1975లో పోలండ్ రాజధాని వార్సాలో పుట్టాడు. టీనేజ్‌లో ఉండగా కుటుంబంతో పాటు ఫ్రాన్స్ వచ్చేశాడు. లీల్ అనే సిటీలో ఇంజనీరింగ్ చదివాడు. 1999లో, అంటే చదువు అయిపోయే టైమ్‌కే, ఓవీహెచ్ అని ఒక హోస్టింగ్ కంపెనీ పెట్టాడు. ఫ్రెంచ్‌లో ఆ మూడక్షరాలకి "మీకు మేం చోటిస్తాం" అనే అర్థం చెబుతారు. అమ్మ, నాన్న, తమ్ముడు, అందరూ కంపెనీలోనే. మన భాషలో చెప్పాలంటే ఇంటిల్లిపాదీ కలిసి నడిపే కొట్టు అన్నమాట. ఆఫీసు రూబేలో. బెల్జియం బోర్డర్ పక్కనుండే ఊరు అది, ఒకప్పుడు బట్టల మిల్లులతో బతికింది. మిల్లులు పోయాక అక్కడ పెద్ద పెద్ద షెడ్లు మిగిలాయి. ఆ షెడ్ల సంగతి మళ్లీ వస్తుంది.

ఇంతకీ 1999లో ఒక స్టూడెంట్ హోస్టింగ్ కంపెనీ ఎలా పెట్టగలిగాడు? అంతకు ఐదేళ్ల ముందైతే కష్టమే. రెండు విషయాలు మారాయి. మొదటిది, లినక్స్, అపాచీ. రెండూ ఉచితం. సర్వర్ సాఫ్ట్‌వేర్‌కి లైసెన్స్ డబ్బులు కట్టే పని తప్పింది. రెండోదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నాకైతే అదే అసలు మలుపు అనిపిస్తుంది. 1997 జనవరిలో హెచ్‌టీటీపీ 1.1 స్టాండర్డ్ వచ్చింది. అంతకుముందు మామూలుగా ఒక్కో సైట్‌కి ఒక్కో ఐపీ అడ్రస్ కావాల్సి వచ్చేది. బ్రౌజర్ సర్వర్ దగ్గరికి వెళ్లి "ఈ పేజీ ఇవ్వు" అని అడిగేదే తప్ప, ఏ సైట్ తాలూకు పేజీయో చెప్పాలన్న నిబంధన లేదు. కొత్త స్టాండర్డ్‌లో హోస్ట్ హెడర్ తప్పనిసరి అయింది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ "ఎవరింటికి?" అని అడుగుతాడు చూడండి, అచ్చం అలాగే. డోర్ నంబర్ ఒకటే, లోపల ఫ్లాట్లు వందలు.

అంతే, ఒక్క మెషీన్ మీద వందల సైట్లు పెట్టొచ్చు. ఒక సర్వర్ అద్దెకి తీసుకో, ముక్కలు చెయ్యి, ముక్కలు అమ్ము. పైగా ఆర్టీసీ బస్సులో సీట్ల కంటే పాసులు ఎక్కువ ఇచ్చినట్టు, ఉన్న డిస్క్ కంటే ఎక్కువే అమ్మొచ్చు. ఎందుకంటే అందరూ ఒకేసారి ఎక్కరు కదా. దీన్ని ఓవర్‌సెల్లింగ్ అంటారు. చిన్న హోస్టింగ్ కంపెనీలు చాలావరకు బతికేది దీనిమీదే. మోసం అనను గానీ, కస్టమర్‌కి ఎవరూ విడమరిచి చెప్పరు.

క్లాబా కాస్త వేరే దారి పట్టాడు. ముక్కలే కాదు, మెషీన్ మొత్తాన్ని చవగ్గా ఇద్దామనుకున్నాడు. చవగ్గా ఇవ్వాలంటే ఖర్చు తగ్గాలి. దానికోసం సర్వర్లు బ్రాండ్ కంపెనీల దగ్గర కొనకుండా తామే బిగించడం మొదలుపెట్టారు. 2003 నుంచి నీళ్లతో చల్లబరిచే పద్ధతి వాడారు. ప్రాసెసర్ మీద చిన్న రాగి బ్లాక్, అందులోంచి నీళ్లు పారుతుంటాయి. ఏసీ బిల్లు తగ్గిపోతుంది. కొత్త బిల్డింగులు కట్టకుండా పాత ఫ్యాక్టరీలు కూడా తీసుకున్నారు. కెనడాలో బోఆర్నువా అనే చోట వాళ్ల డేటా సెంటర్ ఒకప్పుడు అల్యూమినియం ఫ్యాక్టరీ, పక్కనే జల విద్యుత్ కేంద్రం. చవక సర్వర్లకి ఒక బ్రాండ్ పెట్టారు, పేరు కిమ్‌సూఫీ. ఫ్రెంచ్‌లో పలికితే "నాకిది చాలు" అన్నట్టు వినిపిస్తుంది. పేరు భలే పెట్టారు అనుకున్నా నేను.

ఇక్కడ నా ముచ్చట ఒకటి చెప్పాలి. మెసేజ్ పెట్టిన తమ్ముడి వయసులో నేనూ ఇదే చేశా. రూమ్మేట్, నేను చెరిసగం వేసుకుని ఒక రీసెల్లర్ ప్లాన్ కొన్నాం. ఏడుగురు కస్టమర్లు. అందులో ఒకరు మా ఊరి ఫొటో స్టూడియో అన్న. పెళ్లి ఆల్బమ్‌లన్నీ సైట్‌లోనే గ్యాలరీలుగా పెట్టేవాడు. ఒకరోజు పైన మాకు సర్వర్ ఇచ్చినవాళ్ల డిస్క్ పోయింది. బ్యాకప్ ఉందనుకున్నాం. ఉంది కూడా, అదే డిస్క్ మీద! స్టూడియోకి వెళ్లి చెప్పాం. ఆయన తిట్టలేదు. "పోనీలే తమ్ముడూ, చిన్న పిల్లలు, మీకేం తెలుసు" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ నెల డబ్బులు తిరిగిచ్చేశాం, ఫొటోలు మాత్రం ఇవ్వలేకపోయాం.

సరే, మళ్లీ ఓవీహెచ్‌కి వద్దాం. స్ట్రాస్‌బర్గ్‌లో, రైన్ నది ఒడ్డున, 2012లో వాళ్లొక సైట్ తెరిచారు. తొందరగా లేపాలని కొన్నిటిని షిప్పింగ్ కంటైనర్లతో కట్టారు. ఎస్‌బీజీ1, ఎస్‌బీజీ4 అలాంటివే. ఎస్‌బీజీ2 మాత్రం ఐదంతస్తుల టవర్.

2017 నవంబర్ 9 పొద్దున స్ట్రాస్‌బర్గ్‌కి వచ్చే రెండు కరెంటు లైన్లూ పోయాయి, జనరేటర్లు ఆన్ అవ్వలేదు. ఇది చాలదన్నట్టు అదే పొద్దున రూబేలో ఫైబర్ పరికరాల సాఫ్ట్‌వేర్‌లో బగ్. రెండు చోట్లా సర్వీసు ఆగిపోయింది. క్లాబా దాచలేదు, ఏం జరిగిందో బయటికి రాసేశాడు. కంటైనర్ల ఎస్‌బీజీ1, ఎస్‌బీజీ4 తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

2021 మార్చి 8న, స్టాక్ మార్కెట్‌కి వెళ్లే పనులు మొదలుపెడుతున్నామని ఓవీహెచ్ చెప్పింది. ఇరవై రెండేళ్ల ఇంటి కొట్టు ఐపీఓకి రెడీ. రెండు రోజులకి, మార్చి 10 అర్ధరాత్రి 12 గంటల 47 నిమిషాలకి, ఎస్‌బీజీ2లో మంటలు లేచాయి. సుమారు వందమంది ఫైర్ సిబ్బంది వచ్చారు. రైన్ నదిలో ఫైర్ బోట్ కూడా తెచ్చి నీళ్లు కొట్టారు. తెల్లారేసరికి ఎస్‌బీజీ2 బూడిద. పక్కనున్న ఎస్‌బీజీ1లో పన్నెండు గదుల్లో నాలుగు కాలిపోయాయి. అవును, 2017లో తీసేస్తామన్న ఎస్‌బీజీ1 ఇంకా అక్కడే ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

థర్మల్ కెమెరాలో చూస్తే రెండు యూపీఎస్‌లు తగలబడుతూ కనిపించాయని క్లాబా చెప్పాడు. అందులో ఒకదానికి ముందు రోజు పొద్దునే రిపేర్ చేశారు. తర్వాత ఫైర్ డిపార్ట్‌మెంట్ రిపోర్ట్ వచ్చింది. ఆ బిల్డింగ్‌లో ఆటోమేటిక్‌గా మంటలార్పే సిస్టమ్ లేదు. కరెంటు మొత్తాన్ని ఒక్క దెబ్బతో కట్ చేసే స్విచ్ లేదు. పైకప్పులు చెక్కవి. ఇక ఏసీ ఖర్చు లేకుండా బయటి గాలి దానంతటదే తిరిగేలా చేసిన డిజైన్ ఉంది చూడండి, మంటకి అది పొగగొట్టంలా పనిచేసింది. ఇంజనీర్‌గా ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. సర్వర్‌ని చవక చేసిన గాలే మంటని పైకి లాగింది.

నెట్‌క్రాఫ్ట్ లెక్క ప్రకారం 36 లక్షల వెబ్‌సైట్లు ఆఫ్‌లైన్ అయ్యాయి. పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే పెద్ద మ్యూజియం సైట్ కూడా అందులో ఉంది. రస్ట్ గేమ్ ఆడేవాళ్లు ఉన్నారా? వాళ్ల యూరప్ సర్వర్లు 25 పోయాయి, డేటా ఇక తిరిగి రాదని గేమ్ కంపెనీ చెప్పేసింది.

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. సర్వర్ అద్దెకి తీసుకున్న చాలామంది, బ్యాకప్ కూడా అందులో ఉంటుందనుకున్నారు. లేదు. అది కస్టమర్ బాధ్యత, లేదంటే విడిగా కొనుక్కోవాలి. ఇళ్లు అద్దెకిచ్చే ఓనర్ మన సామాన్లకి ఇన్సూరెన్స్ కట్టడు కదా, అలాగే. తాము ఏం కొంటున్నారో కస్టమర్లకి సరిగ్గా అర్థం కావట్లేదని క్లాబా వీడియోలో ఒప్పుకున్నాడు, ఫ్రీ బ్యాకప్‌లు పెంచుతామన్నాడు.

మరి విడిగా డబ్బు కట్టి బ్యాకప్ కొన్నవాళ్ల సంగతి? అలాంటి ఒక ఫ్రెంచ్ కంపెనీ కోర్టుకెక్కింది. బ్యాకప్ కాపీలు, సర్వర్ ఉన్న చోటికి దూరంగా విడిగా ఉంటాయని కాంట్రాక్ట్‌లో రాసుంది. తీరా చూస్తే అవీ అదే బిల్డింగ్‌లో కాలిపోయాయి. ఇది మా చేతుల్లో లేని విపత్తు అని ఓవీహెచ్ వాదించింది. 2023లో లీల్ వాణిజ్య కోర్టు ఒప్పుకోలేదు, లక్ష యూరోలకు పైగా కట్టమంది. ఆ వార్త చదివినప్పుడు నాకు కోర్టు కనపడలేదు, మా ఊరి స్టూడియో కనపడింది.

ఓవీహెచ్ మునిగిపోలేదు. 2021 అక్టోబర్‌లోనే పారిస్ మార్కెట్‌లో లిస్ట్ అయింది, షేర్ 18.5 యూరోలు. పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. ఏడుగురు కస్టమర్లున్న మాకు ఒక్క డిస్క్ చాలింది.

తమ్ముడికి రిప్లై పెట్టా. ప్లాన్ రేటెంతని గానీ, డొమైన్ ఎక్కడ కొంటావని గానీ అడగలేదు. "నీకు సర్వర్ ఇచ్చేవాళ్లు బ్యాకప్ ఏ ఊళ్లో పెడతారు? వాళ్లని అడిగి చెప్పు" అన్నా. అడిగాడట. ఇంకా జవాబు రాలేదంటున్నాడు.