మాజీ సైనికుడు – మన అపోహలు



ఊరికి తిరిగి వచ్చిన మాజీ సైనికుణ్ణి 'మిలట్రీ ఆయన' అంటాం. ఆ వెంటనే ముక్కోపి అనీ, చెప్పింది చేయడమే గాని సొంత ఆలోచన లేనివాడనీ ముద్ర వేస్తాం. ఈ ముద్రకు పాత చరిత్ర ఉంది.

1857 తిరుగుబాటు తరువాత ఆంగ్ల పాలకులు 'యుద్ధ జాతులు' అనే వాదాన్ని పెంచారు. తెగువ ఉన్నవాడికి తెలివి తక్కువ, తెలివి ఉన్నవాడికి తెగువ తక్కువ అన్నది అందులోని లెక్క. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తలచాడు. మద్రాసు పదాతి పటాలాలు క్రమంగా తగ్గిపోయాయి. తెలుగువారికి ఆ కొలువులు దూరమయ్యాయి.

అయితే 1780 నాటి మద్రాసు శాపర్స్ దళం నిలిచింది. నేటికీ దాని కేంద్రం బెంగుళూరే. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ యువకులు అందులో చేరారు. వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం వారి పని. లెక్క తప్పితే ప్రాణం పోతుంది. 1944లో ఇటలీలో ఆ దళపు సుబేదార్ సుబ్రమణియన్ మందుపాతర పేలబోయే క్షణాన దానిమీద పడి, తోటివారిని కాపాడి కన్నుమూశాడు. మరణానంతరం జార్జి క్రాస్ లభించింది. తెలివీ తెగువా ఒక్క మనిషిలోనే ఉన్నాయి కదా!

దొరల లెక్క దొరలతో పోలేదు. మనం దాన్ని తిరగేసి మన మాజీ సైనికుడి మీదే పెడుతున్నాం. సైనికులందరిదీ ఒకే స్వభావం కాదు. ముద్ర చూడక మనిషిని చూద్దాం. సెలవు.